తూర్పు వరస

విశాఖ పక్కన యారాడ దాటి ముందుకి వెళితే, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్నట్టు పడవల మెరక అనే పేట ఉండేది. మధ్యలో పడవలు దించే బాట. బాటకి అటు పడమటి వరస, ఇటు తూర్పు వరస. అన్నీ జాలర్ల ఇళ్లే. పేట వెనకున్న కొండని కొత్త రోడ్డు కోసం గోడలా నిలువుగా కోసేశారు. కోసిన ఏడాది వానల్లో, మేకల్ని తోలుకెళ్లిన సూరన్న కొండ నెత్తిన ఒక చీలిక చూశాడు. పేట పొడుగునా సాగి, మేకపిల్ల కాలు దిగబడేంత వెడల్పు ఉంది.

అధికారులొచ్చి ఫొటోలు తీసుకున్నారు. తర్వాత రోడ్డు వేస్తున్న కంపెనీ వాళ్లు కొండ గోడకి వరసలుగా కన్నాలు తొలిచారు. ఒక్కో కన్నంలో మూడు నిలువుల పొడుగున్న ఇనప ఊచ దింపి, చుట్టూ సిమెంటు పాలు పోసి బిగించారు. జారడానికి సిద్ధంగా ఉన్న పై రాతిని లోపలి గట్టి రాతికి కుట్టేయడమన్నమాట. పేటలో వాళ్లకి మాత్రం అవి 'సువ్వలు'. ఆ చువ్వల మీద ఎంత భారం పడుతోందో కనిపెట్టి చూసే పని సిటీలోని ఒక చిన్న సంస్థకి అప్పగించారు. ఆ సంస్థ తరఫున వచ్చిన ఇంజినీరు అనూరాధ.

అనూరాధ పుట్టి పెరిగింది ఉక్కునగరంలో. వాళ్ల నాన్న తణుకు పక్క నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. రాయి ఎలా వంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో చదువుకోవడానికి ఆమె నాలుగేళ్లు బయట ఊళ్లలో ఉండి, మళ్లీ విశాఖే వచ్చింది. మనిషి నెమ్మది. చెప్పిందే మళ్లీ ఓపిగ్గా చెబుతుంది. తెలియనిది తెలియదంటుంది. కనీసం అలా అంటానని తన గురించి తను అనుకునేది.

చువ్వలకి అంటించిన గేజిల నుంచి, అంటే సాగుదల కొలిచే పల్చటి బిళ్లల నుంచి, సన్నటి తీగలు వచ్చి ఒక పెట్టెలో కలుస్తాయి. ఆ పెట్టెకి కరెంటు కావాలి. పడమటి వరసలో చిట్టమ్మ ఇంటి గోడ అందుకు కుదిరింది. దాంతో వారానికి రెండు మూడు సార్లు అనూరాధ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచేది. చిట్టమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి. భర్త పోయాడు. కొడుకు కన్నబాబు పడవ నడుపుతాడు. చిట్టమ్మ పొద్దున్నే తట్ట నెత్తినెట్టుకుని సిటీలో చేపలమ్మి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, కాళ్లు చాపుకుని అనూరాధ పక్కన కూలబడేది.

"ఏటమ్మా, ఈ తీగల్తోటి కొండ బరువు తూత్తావేటి?" అని అడిగింది మొదట్లో.

"బరువు కనపడదు పిన్నీ. ఆ బరువుకి లోపలి ఇనుము ఎంత సాగిందో అది ఒక్కటే తెలుస్తుంది. వెంట్రుక మందంలో పదో వంతు సాగినా చూపిస్తుంది. ఇంత సాగిందంటే ఇంత భారం పడుతున్నట్టు అని మేం లెక్క కడతాం."

చిట్టమ్మ పకపకా నవ్వింది. "మా ముసలోడూ అంతే. తాడు బిగువు సూసి వలలో సేపెంతుందో సెప్పీవోడు. సగంసార్లు ఒట్టి నాచే ఒచ్చీది."

అనూరాధకీ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి చిట్టమ్మ ఆమెకి వేయించిన చేప ముక్కో, బెల్లం టీయో ఏదో ఒకటి దాచి ఉంచేది. కన్నబాబు భార్య రాధ, చంటిపిల్లని చంకనేసుకుని, "మేడం వచ్చిందంటే మా అత్త నోటికి తాళం ఉండదు," అనేది.

పడమటి వైపు చువ్వలన్నీ అనూరాధ కళ్లెదుటే దింపారు. ఆమె దగ్గరుండి, కన్నం నిండి బయటికి కారేదాకా సిమెంటు పాలు పోయించింది. తూర్పు వైపు పని వచ్చేసరికి అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ పునాదులు కుంగుతున్నాయని సంస్థ ఆమెని అక్కడికి పంపింది. వెళ్లే ముందే చువ్వలకి గేజిలు అంటించి ఇచ్చింది. తిరిగొచ్చేసరికి తూర్పు వైపు పని పూర్తయిపోయింది. చువ్వల తలలకి పలకలు బిగించి, పైన సిమెంటు పూత కూడా కొట్టేశారు.

"మీరు చెప్పినట్టే చేశాం మేడమ్," అన్నాడు కంపెనీ ప్రాజెక్టు మేనేజరు గుణశేఖర్. సెల్‌ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. కన్నాల మూతుల దగ్గర తడి సిమెంటు కనబడింది. ఆమె తల ఊపింది. లోపల పట్టుందో లేదో ఒక చువ్వని జాకీతో లాగి చూద్దామా అనిపించింది. పైపూత పగలగొట్టాలి, మళ్లీ కొట్టించాలి, దానికో వారం గొడవ. తీగలు కలిపి చూస్తే గేజిలన్నీ పనిచేస్తున్నాయి. సరేననుకుంది.

ఆ ఏడు వానలు మామూలుగానే వెళ్లాయి. దసరా వెళ్లాక బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. మూడు రోజులుగా ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తోంది. రెండో రోజు నుంచే పడమటి వైపు అంకెలు పాకడం మొదలెట్టాయి. మూడో రోజు పొద్దున అనూరాధ తడిసి ముద్దయి చిట్టమ్మ ఇంటికొచ్చి పెట్టె తెరిచేసరికి, గోడ మధ్య వరసలో నాలుగు చువ్వలు హద్దు దాటేశాయి. లెక్క కడితే ఆ ఇనుము అసలు మోయగలిగిన దానికన్నా ఎక్కువ భారం మోస్తున్నట్టు వచ్చింది.

గుణశేఖర్‌కి ఫోన్ చేసింది.

"అదెలా మేడమ్? స్టీలు మోయలేని బరువు మోస్తోందని చెప్తోంటే మీటరు తప్పన్నమాటేగా. లోపలికి నీళ్లు పోయుంటాయి."

"అదీ చూశాను సార్. తీగల్లోకి నీళ్లు పోలేదు. ఇనుము సాగడం నిజం. ఒక హద్దు దాటాక అది సాగుతూ పోతుందే గానీ భారం తీసుకోదు. మన లెక్కకి ఆ సంగతి తెలీదు, సాగిన కొద్దీ గుణించుకుంటూ పోతుంది. ఆ నాలుగూ చేతులెత్తేశాయి సార్. పేట ఖాళీ చేయించాలి. అందర్నీ యారాడ బడికి పంపించండి."

గుణశేఖర్ గొంతు తగ్గించాడు.

"యారాడ దారిలో గెడ్డ పొంగి నీళ్లు రోడ్డెక్కాయి. వ్యాన్లు రావు. పేటంతా ఖాళీ అంటే పైకి రాయాలి, పని ఆపాలి, టీవీ వాళ్లొస్తారు. ఒక్క మాట చెప్పండి. తూర్పు వైపు రీడింగులెలా ఉన్నాయి?"

ఆమె తెర మీద తూర్పు వైపు గీతలు చూసింది. మూడు రోజుల వానలో కూడా అవి బల్లపరుపుగా ఉన్నాయి. ఇంత నీరు దిగితే కాస్త కూడా కదలలేదేమిటి అనిపించింది. అది ఒక్క క్షణమే. పొద్దుట్నుంచీ చెడ్డ అంకెలు చూసి చూసి అలసిన కళ్లకి ఆ తిన్నటి గీతలు చెప్పలేనంత ఊరటనిచ్చాయి.

"అటేమీ లేదు సార్."

"మరింకేం. పడమటోళ్లని తూర్పు వరసలోకి సర్దండి. అందరూ ఒకరికొకరు చుట్టాలే. రేపు వాన తగ్గాక మిగతాది చూద్దాం. పేట వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టండి."

ఆమె పెట్టింది. 'పడమటి వరస వెంటనే ఖాళీ చేయాలి. తూర్పు వరస సురక్షితం.'

తర్వాత గొడుగు కూడా లేకుండా ఇల్లిల్లూ తిరిగింది. కొందరు వెంటనే పిల్లల్ని ఎత్తుకున్నారు. కొందరు విసుక్కున్నారు. సూరన్న మేకల్ని వసారాలోకి తోలుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"నానెక్కడికీ రాను. ఈ మేకల్ని ఎవరింట్లో పెట్టమంటావు? సావు రావాలంటే ఎక్కడున్నా ఒత్తాది."

ఎంత బతిమాలినా కదల్లేదు. అతన్ని చూసి పక్కనున్న రెండు ఇళ్ల వాళ్లూ తలుపులేసుకున్నారు.

చిట్టమ్మ కూడా మొదట ఒప్పుకోలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మూల ఉప్పు చేపల గంప ఉంది. "ఒలమ్మా, తుపాన్లకే ఎల్లనేదు, ఈ సినుకులకి ఎల్తానా? ఈ ఇల్లు మా ముసలోడు కట్టింది."

"పిన్నీ, నా మాట విను. ఇక్కడ ఉండొద్దు."

"నిజంగా అంత పీకల మీదికొచ్చిందేటి?"

"వచ్చింది."

చిట్టమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తడిసిన జుట్టు, వణుకుతున్న పెదాలు చూసింది.  పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పేసింది. "నువ్వు సెప్తన్నావని ఎల్తన్నాను. ఇంకొకడు సెప్తే ఎల్దునా? నూకాలింటికి పోతాన్లే. దానికీ తోడుగుంటాది." నూకాలు ఆమె చెల్లెలు. తూర్పు వరసలో కొండ వైపు చివరిల్లు ఆమెది.

కన్నబాబు బట్టల పెట్టె భుజానికెత్తుకుని, తల్లినీ భార్యాబిడ్డల్నీ అక్కడ దిగబెట్టి, పడవలు పైకి లాగడానికి ఒడ్డుకి పరిగెత్తాడు. అలలు పడమటి చివర పడవల పాక దాకా వస్తున్నాయి. కొంతసేపటికి రాధ, మగవాళ్లకి అన్నం పట్టుకుని, పిల్లకి ప్లాస్టిక్ కవరు కప్పుకుని అటే వెళ్లింది. వెళుతూ చిట్టమ్మ అరుగు మీద పెట్టె ముందు కూర్చున్న అనూరాధని చూసి, "మీరూ అటు పోండి మేడం, ఇక్కడేటి ఒంటరిగా?" అంది. "వస్తాను, ఇంకొక్కసారి చూసి," అంది అనూరాధ.

మధ్యాహ్నం వేళ అయింది అది. ఉరుము కాదు. లోపలెక్కడో పెద్ద బండ దొర్లినట్టు, ఇంటి కింద నేల ఒకసారి ఎగిరి పడింది. అరుగు మీద గ్లాసు దొర్లిపోయింది. అనూరాధ ముందు తల ఎత్తి చూసింది తన నెత్తి మీద కొండనే. పడమటి గోడ నిలబడి ఉంది. అక్కడక్కడా పూత రాలింది, నిలబడి ఉంది. అప్పుడు తూర్పు వైపు చూసింది. కొండ గోడ ముక్క ముక్కగా రాలలేదు. తలుపు ఊడి పడ్డట్టు మొత్తం ఒక్కసారిగా ముందుకి వాలి, ఎర్రటి బురద, బండలు, చెట్లు కలిసి తూర్పు వరస మీదుగా ఒడ్డు దాకా పోయాయి. పెంకులూ తాటాకులూ కనబడి, మాయమయ్యాయి. తర్వాత వాన చప్పుడే మిగిలింది.

ఆమె పరిగెత్తింది. ఎలా వెళ్లిందో తర్వాత గుర్తులేదు. ఒడ్డు నుంచి మగవాళ్లు పరిగెత్తుకొచ్చారు. పారల్లేవు. తెడ్లతో, పళ్లేలతో, వట్టి చేతులతో తవ్వారు. కన్నబాబు నూకాలిల్లు ఎక్కడుండాలో అడుగులేసి చూసుకుని, అక్కడ మోకాళ్ల మీద పడి తవ్వడం మొదలెట్టాడు. ఏడవలేదు, అరవలేదు. "అమ్మా... అమ్మా..." అని మామూలు గొంతుతో, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలుస్తూనే ఉన్నాడు. అనూరాధ అతని పక్కనే తవ్వింది. గోళ్లు లేచిపోయాయి.

పొద్దు వాలేలోగా చిట్టమ్మనీ నూకాలునీ తీశారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి పక్కన ఒకరు ఉన్నారు. నేల అదరగానే బాట మీదికి ఉరికినవాళ్లు బతికారు గానీ, ఆ వరసలో ఇంకో నలుగురు పోయారు. వాళ్లలో ఇద్దరు అనూరాధ మాట విని పడమటి వరస నుంచి వెళ్లినవాళ్లే. సూరన్న, మేకల్తో సహా, క్షేమంగా ఉన్నాడు. అతను వచ్చి శవాల దగ్గర నిలబడి, తలగుడ్డ తీసి చిట్టమ్మ కాళ్ల మీద కప్పాడు. తిట్టి ఉంటే అనూరాధకి కొంచెం నయంగా ఉండేది.

మర్నాడు వాన వెలిసింది. దహనాలయ్యాయి. అనూరాధ ఇంటికి వెళ్లకుండా బురదలోనే తిరుగుతూ ఉంది. తన లెక్కలో ఎక్కడ తప్పిందో ఆమెకి అంతుపట్టలేదు. గేజిలు చెడిపోతే గీత అడ్డదిడ్డంగా పోవాలి, లేదా ఆగిపోవాలి. ఇవి ఆఖరి నిమిషం దాకా బల్లపరుపుగా ఉన్నాయి. అలా ఆలోచిస్తూ నడుస్తుంటే కాలికి ఇనుము తగిలింది. బురదలోంచి ఒక చువ్వ పొడుచుకొచ్చి ఉంది. ఆమె కూర్చుని చేత్తో మట్టి తుడిచింది. నీళ్లు తెచ్చి కడిగింది.

చువ్వ కొత్తదానిలా ఉంది. పలక దగ్గర జానెడు మేర సిమెంటు గట్టిగా పట్టుకుని ఉంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఎక్కడా సిమెంటు అంటిన జాడే లేదు. ఊచ మీద గరుకు గీతలు ఎలా తయారయ్యాయో అలాగే ఉన్నాయి. కొంచెం దూరంలో ఇంకోటి కనబడింది. అదీ అంతే.

ఆమెకి అప్పుడర్థమైంది. కన్నం మూతి దగ్గర మాత్రం సిమెంటు కుక్కి, లోపల ఖాళీగా వదిలేశారు. రాతిని పట్టుకోని చువ్వని కొండ లాగలేదు. లాగనప్పుడు అది సాగదు. సాగనప్పుడు గేజి సున్నా చూపిస్తుంది. గేజి అబద్ధం చెప్పలేదు. చువ్వ మీద నిజంగానే ఏ భారమూ లేదు. భారం లేకపోవడమే ప్రమాదమని తను చదవలేదు. పడమటి చువ్వలు సాగి సాగి కొండని ఆపుతోంటే, అక్కడి నుంచి మనుషుల్ని లేపి, ఆపేదేమీ లేని చోటికి చేయి పట్టుకుని పంపింది.

ఫోన్ తీసి రెండు చువ్వల్నీ ఫొటో తీసుకుంది.

ఆ సాయంత్రానికే కంపెనీ పొక్లెయినూ టిప్పర్లూ దిగాయి. దారి బాగుచేస్తున్నామన్నారు. మట్టితో పాటు చువ్వల్ని కూడా ఎత్తి టిప్పర్లో పోస్తున్నారు. అనూరాధ యారాడ బడి దగ్గరికి వెళ్లింది. గెడ్డ తగ్గాక పేట జనమంతా అక్కడికే చేరి తరగతి గదుల్లో ఉన్నారు. కన్నబాబు గోడకి చేరగిలబడి ఉన్నాడు. తల గొరిగించుకుని ఉన్నాడు.

ఆమెని చూడగానే రాధ పిల్లనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

"కన్నబాబూ, ఒకసారి రావాలి. చువ్వలు పట్టుకుపోతున్నారు."

"పట్టుకుపోనీండి. నాకేటి?"

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. లోపల సిమెంటు లేదని చెప్పింది. అందుకే గీత కదల్లేదని, అది తను కనిపెట్టలేకపోయిందని కూడా చెప్పింది.

కన్నబాబు గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. "అంటే ఆళ్ల పని తప్పా, మీ లెక్క తప్పా? ఒకటి సెప్పండి."

"రెండూ."

"మా అమ్మ మీ మాట మీద ఎల్లింది మేడమ్."

"అవును."

"సూరన్న ఎల్లనేదు."

"అవును కన్నబాబూ."

అతను లేచి ఆమె మీదికి వచ్చాడు. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది. అతను ఆమెని దాటుకుని బయటికెళ్లి, "ఒరే, రండ్రా!" అని కేకేశాడు. జనం కదిలారు. టిప్పరు బయల్దేరే వేళకి పేట మగవాళ్లంతా దారికి అడ్డంగా కూర్చున్నారు. ఆడవాళ్లు ఇంకా ఎత్తని చువ్వల మీద కూర్చున్నారు.

గుణశేఖర్ జీపు దిగి వచ్చాడు. ముందు నచ్చజెప్పాడు. తర్వాత అనూరాధని పక్కకి పిలిచాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. అతను కూడా నిద్రపోయినట్టు లేదు.

"మేడమ్, మీరు అనవసరంగా పీక్కుంటున్నారు. సబ్ కాంట్రాక్టరు ఏం చేశాడో నాకు మాత్రం తెలుసా? కానీ తూర్పు వరస సురక్షితం అని రాసింది మీరు. గ్రూపులో నలభై మంది చూశారు. ఇదంతా పైకొస్తే ముందు పోయేది మీరే."

"ఆ మెసేజ్ మీరు చూపించక్కర్లేదు సార్. నేనే చూపిస్తాను."

పోలీసులొచ్చారు, తహసీల్దారు వచ్చాడు. చువ్వలకి సీలు వేశారు. తర్వాతి నెలల్లో విచారణ జరిగింది. తూర్పు గోడలో పడిపోకుండా మిగిలిన చువ్వల్ని అందరి ముందూ జాకీతో లాగి చూశారు. ఆ పరీక్ష దగ్గరుండి చేయించింది అనూరాధే. జాకీ మీద భారం చూపించే ముల్లు కదిలీ కదలకముందే మొదటి చువ్వ కన్నంలోంచి జారి బయటికొచ్చేసింది. జనంలోంచి ఒకావిడ గట్టిగా ఏడ్చింది. రెండో చువ్వా అంతే. మూడోది కొంచెం మొరాయించి వచ్చింది.

విచారణ గదిలోకి వెళ్లే ముందు ఆమె సంస్థ యజమాని, "రీడింగులు హద్దులోనే ఉన్నాయని చెప్పు, అది అబద్ధం కాదు," అని మరీ మరీ చెప్పాడు. విచారణాధికారి ఫోన్ తెర చూపించి అడిగాడు, "ఈ మాట మీదేనా?"

"నాదే సార్."

"ఏ ఆధారంతో రాశారు?"

"అటు చువ్వలు సాగలేదు. సాగలేదు కాబట్టి భారం లేదని లెక్క వచ్చింది. భారం లేదంటే కొండ కుదురుగా ఉందని అనుకున్నాను. చువ్వ రాతిని పట్టుకుందో లేదో లాగి చూడకుండా ఆ మాట అనకూడదు. పక్కనే కొండ అంత కదులుతుంటే ఇటు అసలేమీ లేకపోవడం చూసి నాకు అనుమానం వచ్చింది కూడా. వచ్చినా వదిలేశాను."

అధికారి తలెత్తి ఆమెకేసి చూశాడు. "అనుమానం వచ్చిందని రాసుకోమంటారా?"

"రాసుకోండి."

కిటికీ పక్క బల్ల మీద కన్నబాబు కూర్చుని ఉన్నాడు. అతను ఆమె వైపు చూడలేదు.

నివేదికలో కంపెనీ పేరుంది, సబ్ కాంట్రాక్టరు పేరుంది, గుణశేఖర్ పేరుంది. ఆమె పేరు కూడా ఉంది. గుణశేఖర్‌ని అరెస్టు చేసి బెయిలు మీద వదిలారు. ఆమె ఉద్యోగం పోయింది.  ఇంట్లో నాన్న పొద్దున్నే ఆమె గది ముందు కాఫీ పెట్టి వెళ్లిపోయేవాడు. రాత్రుళ్లు ఆమెకి కల కూడా వచ్చేది కాదు. కళ్లు మూస్తే ఒక తిన్నటి గీత కనిపించేది, అంతే.

పడవల మెరకని ఎవరూ ఉండకూడని చోటుగా ప్రకటించారు. ఎండలు ముదిరాక ఒకరోజు కన్నబాబు ఫోన్ చేశాడు. ఆ సంఘటన తర్వాత అతను తనంతట తాను మాట్లాడ్డం అదే.

"మేడమ్, ఆదివారం ఓసారి రావాల. మాకు ఇళ్ల జాగాలిచ్చేరు. సూసి సెప్పాల."

 రానని చెప్పాలనుకుంది. "వస్తాను," అంది.

సముద్రానికి చాలా ఎడంగా, ఒక కొండ పాదంలో ఉంది ఆ లేఅవుట్. ప్లాట్లు చదును చేయడానికి కొండ అంచుని ఇక్కడా కోశారు. కోసిన చోట రాయి పైకి గట్టిగానే ఉంది. చేత్తో రాస్తే మాత్రం ఎర్రగా పొడి రాలుతోంది. అప్పటికే ఇటుకలు దిగాయి. ముందు వరసల్లో పునాదులు లేచాయి. కన్నబాబుకి వచ్చింది చివరి వరస, కొండకి ఆనుకుని. మేకులు పాతి తాళ్లు కట్టి ఉన్నాయి. రాధ దూరంగా నీడలో కూర్చుని ఉంది. మళ్లీ నెలలు నిండుతున్న మనిషి.

"సెప్పండి. నిలబడతాదా?"

అనూరాధ కొండకేసి చాలాసేపు చూసింది. పైకెక్కి చూసింది. దిగి వచ్చింది.

"చూసి చెప్పలేను కన్నబాబూ. నాకు తెలీదు. కన్నాలు తొలిచి లోపలి రాయి బయటికి తీయాలి. వానలకి ముందూ తర్వాతా ఎంత కదులుతుందో కొలవాలి. కొలిచింది నేనొక్కదాన్నే చదవకూడదు, ఇంకొకళ్లు కూడా చదవాలి. ఒక వానాకాలం గడవాలి."

"అంతవరకు బళ్లో ఉండనివ్వరు. ఈ సెలవుల వరకే ఉండమన్నారు, తరవాత పిల్లలకి బడి తెరిసేత్తారు."

"తెలుసు. అయినా ఈ చివరి వరసలో ఇప్పుడు కట్టొద్దు. ప్రమాదమని తెలిసి చెప్పట్లేదు. తెలీదు కాబట్టే చెప్తున్నాను."

కన్నబాబు ఆమెని చూశాడు. అతని తల మీద జుట్టు మళ్లీ పెరిగింది. కళ్ల కింద మాత్రం నలుపు అలాగే ఉంది. ఆ చూపులో మన్నింపు లేదు. ఆమె దాన్ని వెతకలేదు కూడా.

"మిమ్మల్ని సూత్తే నాకు మా అమ్మే గుర్తొత్తాది," అన్నాడు. "సూడాలని నేదు. కానీ తెలీదని సెప్పినోళ్లు ఇంకెవలూ నేరు. అందరూ బాగుంది బాగుంది అంతన్నారు."

అతను ప్లాటులోకి వెళ్లి మేకుల్ని ఒక్కొక్కటే పెకిలించాడు. తాడు చుట్ట చుట్టాడు. "రోడ్డు పక్కన టార్పాలిన్ ఏసుకుంటాం. మీరు తవ్వి సెప్పండి," అని రాధ దగ్గరికి నడిచాడు. రాధ ఏదో అడిగింది. అతను చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పిల్లని లేపి, సామాను సర్దడం మొదలెట్టింది.

మళ్లీ తన మాట విని ఒక ఇల్లు కదులుతోంది.  తవ్వడానికి అనుమతి ఎవరిస్తారో, ఉద్యోగం లేని తన మాట ఏ ఆఫీసులో వింటారో అనూరాధకి తెలియదు. అది కూడా అతనితో చెప్పాలని వెనకే వెళ్లి చెప్పింది. అతను తల ఊపాడు.

చివరి వరసలో మిగతా ప్లాట్ల వాళ్లు పని ఆపలేదు. ఒకడు సిమెంటు కలుపుతున్నాడు. ఇంకొకడు ఇటుకలు అందిస్తున్నాడు. అనూరాధ చెప్పులు చేత్తో పట్టుకుని, మట్టి దిబ్బలు దాటుకుంటూ మొదటి ప్లాటు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఒక్క నిమిషం పని ఆపుతావా? నీతో మాట్లాడాలి," అంది.

తాపీ పట్టుకున్న మనిషి ఆమెని గుర్తుపట్టాడు. ముఖం తిప్పుకుని ఇంకో ఇటుక పెట్టాడు. ఆమె అక్కడే నిలబడింది.